మూడు డబ్బాలు, ఒకే కట్ట

పోయిన వారం అక్కని లాండ్రీ పక్క సందులో, ఇరుకు మెట్ల మీద వదిలేసి వచ్చాం. ఒక చేతిలో సంచి, ఇంకో చెయ్యి నొప్పి పెడుతున్న మోకాలి మీద, ఎదురుగా చెల్లెలి గది తలుపు. పాపం, మన కోసం వారం రోజులు అలాగే నిలబడింది. ఇంక తలుపు కొట్టనిద్దాం.

కొట్టేలోగా ఆ సంచిలో ఏముందో ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. ఎందుకంటే అక్క దాన్ని మరిచిపోదామని దారి పొడుగునా చూస్తూనే ఉంది. చెల్లెలు, ఇంట్లో అందరికీ చిట్టి, పదహారేళ్ళు బడి పుస్తకాలకి బొమ్మలు వేసింది. చెయ్యి మొరాయించాక ఆరు నెలలు జీతం లేని సెలవు పెట్టి, దాచుకున్న డబ్బు మూట కట్టుకుని, తనని ఎరిగినవాళ్ళెవరూ లేని ఈ ఊరికి ఒక్కతీ వచ్చేసింది. సొంతంగా ఒక బొమ్మల పుస్తకం వేసుకుంటానంది. పదకొండు వారాలు గడిచాయి, పదిహేను మిగిలాయి. సెలవు కాగితంలో అక్క చిరునామా రాసినందువల్ల ఆఫీసు ఉత్తరం అక్క ఇంటికే వచ్చింది. వచ్చే నెల ఒకటో తారీకుకల్లా చేరితే సరి, లేకపోతే ఉద్యోగానికి హామీ ఇవ్వలేం, కింది చీటీ మీద సంతకం చేసి పంపండి అని. అక్క సంతకం చేసింది. తనది కాదు, చిట్టిది, అచ్చు గుద్దినట్టు. చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డుల మీద అమ్మ సంతకం పెట్టిపెట్టి ఆరితేరిన చెయ్యి అది. చీటీ చింపి పోస్టులో వేసింది. మిగిలిన ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుని, రేపు పొద్దున తిరుగు బస్సుకి రెండు టికెట్లు కొని మరీ వచ్చింది.

తలుపు కొట్టింది.

"అక్కా!" అంది చిట్టి. కోటు వేసుకుని, ఒక కాలికి బూటు తొడిగి, రెండో బూటు చేత్తో పట్టుకుని ఉంది. "నువ్వేంటి ఇక్కడ? కబురైనా లేకుండా?"

"చెల్లెలింటికి రావడానికి కబురు పెట్టాలా? తప్పుకో ముందు, నా మోకాలు నాకు శాపనార్థాలు పెడుతోంది."

చిట్టి గట్టిగా వాటేసుకుంది. అక్క దారంతా ఒక మొహాన్ని ఊహించుకుంటూ వచ్చింది. పీక్కుపోయిన చెంపలు, దువ్వని జుట్టు, కళ్ళ కింద నలుపు. ఆ మొహాన్ని చూడగానే అనాల్సిన మాటలు కూడా సిద్ధం చేసుకుంది. తీరా చూస్తే ఎదురుగా ఉన్న మొహం నిగనిగలాడుతోంది.

"అక్కా, ఏమీ అనుకోకు. ఇవాళ బుధవారం, నేను వెళ్ళి తీరాలి. మూడు గంటల్లో వచ్చేస్తా. గిన్నెలో సూప్ ఉంది, వెచ్చబెట్టుకో. పడుకో. ఏమీ సర్దకు."

"నేనెందుకు సర్దుతానే?"

"అక్కా."

"సర్దనులే, తల్లీ!"

చిట్టి మెట్లు దిగిన చప్పుడు ఆగిపోయాక అక్క బూట్లు విప్పింది. నేల వెచ్చగా ఉంది. కింద లాండ్రీలో బాయిలర్లు, ఇస్త్రీ బల్లలు. వాటి వేడి చెక్క నేలలోంచి పైకి వచ్చి గదంతా పరుచుకుంటోంది. చలికాలంలో పైసా ఖర్చు లేకుండా గది వెచ్చగా ఉండాలంటే ఎక్కడ దిగాలో వెతుక్కుని మరీ దిగిందన్నమాట. ఈ పిల్లకి ఇంత తెలివి ఎప్పుడొచ్చిందని అక్క ముక్కున వేలేసుకుంది.

ఒక మంచం, కిటికీ కింద ఒక బల్ల, ఒక స్టవ్వు. గోడ నిండా బొమ్మలు. బస్సు డ్రైవరు, గడియారాలు బాగుచేసే ముసలాయన, రొట్టెల దుకాణం ఇల్లాలు, వానలో గొడుగు కింద ఇద్దరు ఆడపిల్లలు. చూసేకొద్దీ అక్కకి కాళ్ళు కదల్లేదు. పదహారేళ్ళుగా చిట్టి బొమ్మలంటే ఆకుని అడ్డంగా కోస్తే ఎలా ఉంటుంది, చెట్టు వేరు నీళ్ళెలా తాగుతుంది, ఇవే తెలుసు ఆవిడకి. ఈ ముసలాయన మాత్రం గోడలోంచి దిగివచ్చి టైమెంతమ్మా అని అడిగేలా ఉన్నాడు.

ఏదో లోపం మాత్రం కంటికి తగులుతోంది. దొంగనోటు చేతికి తగిలినప్పటి లాంటి అనుమానం. గోడ ఈ చివర నుంచి ఆ చివరకి రెండుసార్లు నడిచాక తెలిసింది. ఎవరికీ చేతులు లేవు. డ్రైవరు చేతులు కిటికీ కిందికి ఉన్నాయి. ముసలాయన జేబుల్లో పెట్టుకున్నాడు. రొట్టెల ఇల్లాలి చేతులు మణికట్ల దాకా పిండిలో మునిగి ఉన్నాయి. గొడుగు పట్టుకున్న పిల్ల చెయ్యి సరిగ్గా రెండో పిల్ల జడ వెనక ఉంది.

అక్క మంచం మీద కూర్చుండిపోయింది. కారణం ఆవిడకి తెలుసు. రెండో తరగతి పుస్తకం, కుళాయి కింద చేతులు కడుక్కుంటున్న పాప బొమ్మ. తరుముకొస్తున్న గడువులో చిట్టి ఆ పాపకి రెండూ ఎడమ చేతులే వేసింది. సంపాదకుడు చూడలేదు, అచ్చు వేసినవాళ్ళు చూడలేదు, లక్షల కాపీలు బళ్ళకి వెళ్ళిపోయాయి. చివరికి ఎవరో ఏడేళ్ళ బడుద్ధాయి ఉత్తరం రాశాడు: "కుడి చేత్తో ఎడమ చెయ్యి రుద్దుకోవాలని మా టీచర్ చెప్పారు. ఈ పాప ఎలా రుద్దుకుంటుంది?" ఆఫీసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. చిట్టి కూడా నవ్వింది, ఉత్తరాన్ని తనే నోటీసు బోర్డుకి అంటించింది. ఆ తర్వాత చెయ్యి వణుకుతోందని, విశ్రాంతి కావాలని ఫోన్లో చెప్పింది. అంతవరకే అక్కకి తెలుసు.

అయితే ఇంకా చేతుల దాకా రాలేదన్నమాట. ఇంకో పదిహేను వారాలుంటే వచ్చేదేమో. సంచి వంక చూడకుండా అక్క లేచి నిలబడింది.

మనసు బాగోలేనప్పుడు కొందరు ఏడుస్తారు, కొందరు తింటారు. అక్క సర్దుతుంది.

ఇరవై నాలుగేళ్ళు ఆసుపత్రి బిల్లుల కౌంటర్లో క్యాషియరు ఆవిడ. ఒక్క సాయంత్రం కూడా లెక్క తేడా రాలేదు, ఆ సంగతి తన పెళ్ళిరోజు కంటే గర్వంగా చెప్పుకుంటుంది. కప్పులు కడిగింది, దుప్పటి మడిచింది, బ్రష్షులు పొడుగుల వరసన నిలబెట్టింది. అరమీద మూడు రేకు డబ్బాలున్నాయి. ఒకటి బిస్కెట్లది, ఒకటి టీ పొడిది, మూడోది ఎప్పటిదో పౌడరు డబ్బా. వాటి మీద రంగుతో పెద్దపెద్ద అక్షరాలు: పొట్ట. బొమ్మ. బుర్ర.

మూత తీసింది. లోపల నోట్లు. మూడింటిలోనూ నోట్లే. అదీ ఎలా? నలిగి, అడ్డదిడ్డంగా, బొమ్మ ఉన్న వైపు కొన్ని, లేని వైపు కొన్ని, పెద్దవి చిన్నవి కలగాపులగంగా! క్యాషియరు కంటికి అది చూడరాని దృశ్యం. మనసు వద్దంది కానీ చేతులు ఊరుకుంటేనా. మూడు డబ్బాలూ బల్ల మీద బోర్లించింది. మడతలు తీసింది, మొహాలన్నీ ఒకే వైపు తిప్పింది, పెద్దవి అడుగున, చిన్నవి పైన, అంచులు బల్లకి తట్టి సమం చేసింది. సంచిలో ఎప్పుడూ ఉండే రబ్బరు బ్యాండు తీసి వేసింది. అందమైన ఒకే ఒక్క కట్ట. చూసుకుని ముచ్చటపడింది కూడా.

తర్వాత లెక్క చూసింది. బయల్దేరేనాడు చిట్టి చేతిలో పెట్టిన మొత్తాన్ని తనే లెక్కపెట్టింది కాబట్టి పదకొండు వారాలు పోగా ఎంత ఉండాలో నోటికే వస్తుంది. ఆ అంకె రాలేదు. ఎక్కువొచ్చింది! నాలుగు వారాల ఖర్చంత ఎక్కువ. అప్పు చేసిందా?

అప్పుడే లాండ్రీ పిన్నిగారు పైకి వచ్చింది, చేతిలో ఇస్త్రీ చేసిన దుప్పటితో. లాండ్రీకీ ఈ గదికీ ఆవిడే యజమానురాలు, చిట్టి పిన్నిగారూ అని పిలుస్తుంది.

"అక్కగారొచ్చారని చెప్పింది మా అమ్మాయి" అంది ఆవిడ. మా అమ్మాయి అంటే చిట్టే.

"రండి, కూర్చోండి. ఒక మాట అడుగుతాను, దాచకండి. మా చెల్లెలు మీ దగ్గర గానీ, ఇంకెవరి దగ్గర గానీ డబ్బు తీసుకుందా?"

"తీసుకోకేం? కష్టపడుతోంది, తీసుకుంటుంది. వారానికి మూడు పొద్దుటిపూటలు, రెండేసి గంటలు ఇస్త్రీ చేస్తోందిగా. అద్దెలో సగం తగ్గించుకుంటున్నాం, మిగతాది చేతికిస్తున్నాం."

"ఇస్త్రీయా? మా చిట్టా? ఇంట్లో రుమాలు కూడా మడత పెట్టేది కాదండీ!"

"ఇక్కడ చొక్కా కాలర్లన్నీ ఆమే. తనంతట తనే అడిగింది. చేతికి ఏదో ఒక పని ఇవ్వండి పిన్నిగారూ, తప్పు పోయినా మళ్ళీ ఇస్త్రీ చేస్తే సరిపోయే పని, అని. మొదటి రోజు వణుకుతూనే పట్టుకుంది పెట్టె. ఇప్పుడు చూడాలి మీరు, చకచకా..." పిన్నిగారి మాట ఆగిపోయింది. బల్ల మీద ఖాళీ డబ్బాలు, పక్కన కట్ట. "ఇదేంటి? అన్నీ కలిపేశారా?"

"ఆ. సరిపోయాయి. ఎక్కువే ఉన్నాయి."

"అయ్యో, తల్లీ" అంటూ పిన్నిగారు స్టూలు మీద కూలబడింది. కాసేపటికి లేచి, దుప్పటి మంచం మీద పెట్టి, తలుపు దగ్గర ఆగింది. "నేను కింద ఉంటాను. మీ తంటాలేవో మీరే పడండి. ఆ డబ్బాలిచ్చింది మాత్రం నేనే. ఎందుకిచ్చానో ఆమెనే అడగండి."

అక్క రబ్బరు బ్యాండు తీసేసింది. తీసి ఏం లాభం? ఏ నోటు ఏ డబ్బాలోదో చెప్పడానికి ఒక్క ఆనవాలైనా ఉంటే కదా. మడతలుండేవి, వాటినీ తనే సాపు చేసింది. ఇరవై నాలుగేళ్ళలో ఎన్ని పొరపాట్లు దిద్దలేదు ఆవిడ, అన్నీ ఇతరులవే. తన పొరపాటు మాత్రం ఇంత నీటుగా, ఇంత నిటారుగా బల్ల మీద నిలబడి తననే చూస్తోంది.

చిట్టి వచ్చేసరికి అక్క సూప్ రెండోసారి వెచ్చబెడుతోంది. చిట్టి కోటు విప్పుతూ బస్సులో ఏదో తమాషా జరిగిందని చెప్పబోయి, బల్ల చూసింది. కోటు ఒక చేతికి వేలాడుతూ ఉండిపోయింది. అరుస్తుందనుకుంది అక్క. అరిస్తే బాగుండేది. చిట్టి గోడకి ఆనుకుని వెచ్చటి నేల మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, లోపల అంకెలు లెక్కపెట్టుకుంటున్నట్టు నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలింది. మళ్ళీ పీల్చింది. అది అక్క ఎన్నడూ చూడని చిట్టి. చిన్నప్పుడైతే ఈపాటికి కప్పు ఒకటి పగిలేది.

"ఏమైందే? అన్నీ ఉన్నాయి. ఒక్క నోటు తగ్గలేదు" అంది అక్క.

"తెలుసు."

"నోట్లన్నీ ఒకటే కదే. మూడు చోట్ల పెడితే ఏంటి, ఒకచోట పెడితే ఏంటి? మొత్తం చూసుకుంటే పోలా?"

"మొత్తం చూసినప్పుడే అక్కా, నేను పడిపోయింది."

అక్క స్టవ్వు కట్టేసింది.

"మొదటి మూడు వారాలు నాకూ ఒకటే పర్సు" అంది చిట్టి. "అన్నీ అందులోంచే. ఆకలేస్తే పొట్ట అడుగుతుంది కదా, ఇస్తాను. మంచి కాగితం కనిపిస్తే బొమ్మ అడుగుతుంది. అది ఇంకా మొండిది, లాక్కుంటుంది. బుర్రకి నోరు లేదు అక్కా. అది అడగదు. బుధవారం బుధవారం మనసు చూసే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాలి. ఈ వారం మానేసి ఆ డబ్బుతో రంగులు కొందాం, వచ్చే వారం వెళ్దాం అనుకున్నా. వచ్చే వారమూ అంతే. నాలుగో వారం మంచం దిగలేదు."

"అంటే?"

"అంటే దిగలేదు. మూడు రోజులు. కిందికి కాలి చప్పుడు వినపడట్లేదని పిన్నిగారు పైకొచ్చి చూశారు. సూప్ తాగించారు. తర్వాత ఈ డబ్బాలు తెచ్చి అరమీద పెట్టి, ఏ డబ్బాలోది ఆ డబ్బాకే, బుర్ర డబ్బా జోలికి మాత్రం కరువొచ్చినా పోకు అన్నారు. ఆవిడ లాండ్రీ అట్లాగే నడుపుతారు. సబ్బు, జీతాలు, బాయిలరు మరమ్మతు. బాయిలరు బాగున్నప్పుడే దాని డబ్బా నింపుతారు."

అక్క చెల్లెలి పక్కన నేల మీద కూర్చుంది. మోకాలు మూలిగింది, పట్టించుకోలేదు. "నాలుగో వారం ఆదివారం నేను ఫోన్ చేశాను. బాగున్నానన్నావు."

"అన్నాను."

"ఎందుకే చెప్పలేదు?"

"చెప్తే వచ్చేసేదానివి."

"వచ్చేదాన్నే మరి! రానా?"

"వచ్చి తీసుకుపోయేదానివి. అక్కడ ఆఫీసు మెట్ల దగ్గర నలభై నిమిషాలు నిలబడేదాన్ని అక్కా, రోజూ. పైకి వెళ్ళడానికి కాళ్ళు రాక. అదీ నీకు చెప్పలేదు. ఇక్కడైతే మెట్లెక్కగలుగుతున్నాను. వారానికి ఒక్క రోజు పెన్సిలు ముట్టుకోను. డాక్టరుగారి దగ్గర ఒక గంట, తర్వాత బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళి ఊరికే తిరిగొస్తాను. ఆ టికెట్ డబ్బులు కూడా బుర్రవే."

ఊరికే తిరగడానికి టికెట్ ఎందుకని ఇంకో రోజైతే అక్క ఒంటికాలి మీద లేచేది. ఇవాళ ఖాళీ డబ్బాల వంక చూసింది. ఇరవై నాలుగేళ్ళుగా తన కౌంటర్ ముందు నిలబడినవాళ్ళంతా కళ్ళ ముందు కదిలారు. అందరూ అంతా అయిపోయాకే వచ్చేవాళ్ళు. ముందే వచ్చి ఉంటే ఇందులో పదో వంతు అయ్యేది కదండీ అని ఎందరికి చెప్పలేదు తను? ముందుగానే ఒక డబ్బా పెట్టుకున్న మనిషిని ఈ గదిలోనే చూస్తోంది. ఆ మనిషి రుమాలు మడత పెట్టడం రాని తన చెల్లెలు. తిండికి లోటు లేదు, గోడ నిండా బొమ్మలున్నాయి, చెంపలకి రంగొచ్చింది, పైగా నాలుగు వారాల డబ్బు మిగిలింది. తను ఇన్నేళ్ళు లెక్కపెట్టింది ఇతరుల డబ్బు. ఇంత కష్టమైన లెక్క తనకెవరూ ఇవ్వలేదు, ఇచ్చినా తన వల్ల అయ్యేది కాదు. అక్కకి చెల్లెలి మీద ఎంత గౌరవం కలిగిందో, తన మీద తనకి అంత సిగ్గూ వేసింది.

"నాకు చెప్పు" అంది. "ఏ డబ్బాకి ఎంత? మళ్ళీ పంచుతాను. పైసా తేడా రాకుండా పంచకపోతే నన్ను క్యాషియరు అనకు."

చిట్టి నవ్వింది. "పొట్టకి సగం. మిగతా సగంలో బొమ్మకి రెండు వంతులు, బుర్రకి ఒక వంతు. ఇస్త్రీ డబ్బులు మాత్రం పొట్టకే."

అక్క బల్ల ముందు కూర్చుంది. కట్టని ఎడమ అరచేతిలో నిలబెట్టి, కుడి చూపుడువేలు తడి గుడ్డకి ఒత్తి మొదలుపెట్టింది. ఇది ఆవిడ రాజ్యం. నోట్లు సర్రుసర్రున మూడు కుప్పలుగా విడిపోతున్నాయి, పెదాలు అంకెలు గొణుగుతున్నాయి, బొటనవేలు ఒక్కో అంచుని మీటి వదుల్తోంది. గదిలో ఇంకే చప్పుడూ లేదు. కాసేపటికి ఇంకో చప్పుడు వినబడింది. కాగితం మీద గరగరమని.

అక్క తలెత్తబోయింది.

"కదలకు" అంది చిట్టి. ఆమె ఒళ్ళో లాండ్రీ రసీదు పుస్తకం అట్ట, చేతిలో పెన్సిలు ముక్క.

"ఇవాళ బుధవారం కదే."

"తెలుసు. లెక్కపెట్టు."

అక్క లెక్కపెట్టింది. పొట్ట కుప్ప పూర్తయింది. బొమ్మ కుప్ప పూర్తయింది. ఆఖరి నోటు బుర్ర కుప్ప మీద పెట్టి ఆగింది. చిట్టి అట్టని తనకు దూరంగా పట్టుకుని చూసుకుంటోంది, ఎవరో తెలియనివాళ్ళు చేతికిచ్చి వెళ్ళిపోయిన వస్తువుని చూస్తున్నట్టు. అక్క వంగి చూసింది. చెయ్యి. కుడి చెయ్యి. తనదే, చూపుడువేలి మీద ఇరవై నాలుగేళ్ళ కాయతో సహా. బొటనవేలు ఎటుండాలో అటే ఉంది.

"వచ్చింది" అంది చిట్టి. గొంతు వణికింది, చెయ్యి మాత్రం కాదు. "పదకొండు వారాలక్కా. వచ్చింది."

అక్క కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆ నిమిషం ఆవిడ ఏమీ చెప్పకపోతే ఆ సాయంత్రం వాళ్ళిద్దరి బతుకులోనూ హాయైన సాయంత్రంగా మిగిలిపోయేది. ఉత్తరం సంగతి రేపు బస్సు దగ్గర చెప్పొచ్చు, ఇంటికెళ్ళాక చెప్పొచ్చు. ఎదురుగా బుర్ర డబ్బా మూత తెరిచి ఉంది. అడగలేని దాని డబ్బు తనే లాక్కుందని అక్కకి తెలుసు. నోట్లు కాదు, వారాలు. పదమూడు వారాలు ఒక్క సంతకంతో.

సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఉత్తరం తీసింది, రెండు టికెట్లు తీసింది.

"తిట్టు, కొట్టు, నీ ఇష్టం. మధ్యలో ఆపకుండా విను" అని మొదలుపెట్టి, అంతా చెప్పింది. కవరు చింపడం, భయం, సంతకం, పోస్టు డబ్బా. "నువ్వు చితికిపోయి ఉంటావనుకున్నానే. డబ్బైపోయి, తిండి లేక. ఉద్యోగం కూడా పోతే ఏమైపోతావని వణికిపోయాను. నిన్ను అడగాలని తోచలేదు. చిన్నప్పట్నుంచీ నీ తరఫున నేనే కదా సంతకాలు పెట్టింది."

చిట్టి ఉత్తరం తీసుకుంది. చదివింది. కింద చీటీ చింపిన అంచుని వేలితో తడిమింది.

"నా సంతకం కుదిరిందా?"

"అచ్చు నువ్వే పెట్టినట్టు."

"ఊ" అంది చిట్టి. కోపమో, నవ్వో, ఏడుపో అక్కకి అందలేదు. చిట్టి కాగితం తిప్పింది. తిప్పి, అక్కడే ఆగిపోయింది.

"అక్కా. వెనక చదివావా?"

"వెనకా? వెనకేముంది?"

రోజుకి వెయ్యి నోట్లు ముందూ వెనకా తిప్పి చూసే మనిషి, బతుకులో ఈ ఒక్క కాగితం తిప్పి చూడలేదు.

చిట్టి చదివి వినిపించింది. "మీరు చేరిన వెంటనే చేయవలసిన పని. రెండో తరగతి పుస్తకం కొత్త ముద్రణ, ముప్పై ఒకటో పేజీ. కుళాయి వద్ద చేతులు కడుక్కుంటున్న పాప. ఆ బొమ్మ మీరే తిరిగి వేయాలి. చేరిన పది రోజుల్లో అందాలి. పొరపాటు జరిగిన చోట మీ పేరుతోనే సవరణ ప్రకటిస్తాము."

కింద లాండ్రీలో బాయిలరు ఆపేసినట్టున్నారు. అక్క రెండు టికెట్లూ చేతిలోకి తీసుకుంది, చింపడానికి.

"చింపకు" అంది చిట్టి.

"వెళ్తావా అయితే?"

"తెలీదు."

"వాళ్ళకి నేనే రాస్తాను. సంతకం నాదని ఒప్పేసుకుంటాను. నన్నేం చేసుకుంటారో చేసుకోనీ. నీ వారాలు నీకు తిరిగిచ్చేస్తాను."

"నా తరఫున ఇంక ఏమీ రాయకు అక్కా." చిట్టి మాట మెత్తగానే ఉంది, కానీ అక్క టికెట్లు బల్ల మీద పెట్టేసింది. "ఈసారి నేనే చెప్తాను. కుడి చెయ్యి వచ్చింది. ఆ పాపకి కావలసింది కుడి చెయ్యే, అది ఇచ్చేయగలను. కానీ నేను తప్పు చేసింది ఎడమ చేతి దగ్గర. అది వస్తేనే నాకు ఆ మెట్లెక్కడానికి కాళ్ళొస్తాయి. రాకపోతే రావు, ఆఫీసు ఏమన్నా సరే."

అట్ట తిరగేసింది. ఖాళీ వైపు.

"కూర్చో. మళ్ళీ లెక్కపెట్టు."

"మళ్ళీనా? పంచేశాను కదే."

"బుర్ర డబ్బాది ఒక్కటీ లెక్కపెట్టు. నెమ్మదిగా."

అక్క కూర్చుంది. సన్నటి కట్టని ఎడమ అరచేతిలో నిలబెట్టి, వేళ్ళు మూసింది. ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి ఆవిడ చెయ్యే వణికింది. ఒకటి. రెండు. మూడు. చిట్టి పెన్సిలు మణికట్టు వేసింది, అరచేతి అంచు వేసింది, నాలుగు వేళ్ళ మెటికలు చకచకా వేసేసింది. బొటనవేలి దగ్గరికి వచ్చి, కాగితానికి వెంట్రుకవాసి ఎత్తులో ఆగిపోయింది.

అక్క లెక్కపెడుతూనే ఉంది.